టేక్ అనే మాటకి ఉదాహరణలు

మే 6

వదినా,

క్షేమంగా చేరాను. తాళం తీసి, సంచీ గుమ్మంలోనే పెట్టి, స్నానం చేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఇంకా సెలవుందిగా అన్నాడు మా పెద్దాయన. ఇంట్లో కూర్చుని ఏంచేయను అన్నాను. ఆయన నా బల్లమీద కొత్త మాట ఒకటి పెట్టి వెళ్ళాడు. అన్నయ్య పోయిన సంగతి మా నిఘంటువు ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు. టీ మాత్రం అడక్కుండానే తెచ్చిపెడుతున్నారు.

కొత్త మాట ‘టేక్’. చంటిపిల్లలకి కూడా వచ్చే ఇంగ్లీషు క్రియ. ‘తీసుకొను’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవచ్చు అనుకున్నాను. తీరా చూస్తే మనం మందు వేసుకుంటాం, బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం, పనికి టైము పడుతుంది. ఇంగ్లీషువాడికి వీటన్నిటికీ ఆ ఒక్క మాటే. మన దగ్గరికొచ్చేసరికి ఒక్కోచోట ఒక్కో వేషం కట్టాలి.

మా పద్ధతి నీకు చెప్పే ఉంటాను. ఉదాహరణ వాక్యం మేం కూర్చుని అల్లకూడదు. ఎవరో ఒకరు నిజంగా నోటితో అన్నదై ఉండాలి. దాన్ని కార్డుమీద రాసి, ఎవరన్నారో, ఎప్పుడన్నారో కింద రాయాలి. అల్లిన వాక్యాన్ని పెద్దాయన ఇట్టే పట్టేస్తాడు, చివాట్లు కూడా పెడతాడు.

మీ ఆసుపత్రి బట్టల గదిలో రోజంతా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు కదా. చెవినపడ్డవి కొన్ని రాసి పంపు. గొప్ప మాటలు అక్కర్లేదు, మామూలువే కావాలి. తిండి మానకు.

నీ ఆడపడుచు


మే 15

నిఘంటువమ్మగారికి,

మీ అన్నయ్య నిన్ను పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టాను, ఏమీ అనుకోకు.

ఆడపడుచు నుంచి ఉత్తరం వస్తే ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఇంగ్లీషు పాఠం వచ్చింది. సరేలే. ఓదార్పులు ఇక్కడ గంపలకొద్దీ వచ్చి పడుతున్నాయి, పెట్టుకోడానికి చోటు లేదు. నీ పాఠమే నయం.

పనిలోకి వెళ్తున్నాను. పై వార్డుల నుంచి మూటలు వస్తాయి, విప్పి మరకలవి ఒక బండిలో, చిరిగినవి ఒక బండిలో వేయాలి. మా గదికి పెద్ద మడతలమ్మ, ఆమె నన్ను మరకలవైపు పెట్టకుండా ఉతికినవి మడతపెట్టే బల్ల దగ్గర నిలబెట్టింది. జాలి అన్నమాట. నేనే అడిగి మరకలవైపు వెళ్ళాను. అక్కడైనా ఇక్కడైనా నాకేం తేడా తెలియడం లేదు.

ఇవిగో నీ వాక్యాలు.

‘ఈ మాత్ర అన్నం తిన్నాకే వేసుకో.’ మడతలమ్మ, నాతో.

‘ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకు.’ ఆమే, కాసేపాగి, ఇంకొకావిడ గురించి.

‘బండి నువ్వు తోసుకుపో, నా నడుం పట్టేసింది.’ ఎవరన్నారో గుర్తులేదు, అందరూ అంటారు.

‘ఇంకా ఎంతసేపు పడుతుంది?’ నేను, డాక్టరుతో.

‘ఆయన్ని లిఫ్టులో తీసుకెళ్ళారు, నన్ను మెట్లమీద రమ్మన్నారు.’ నేను, ఫోనులో, మా అన్నయ్యతో.

ఇంకో సంగతి. ఈ క్వార్టరు మీ అన్నయ్య ఉద్యోగానిది కదా, జూన్ ఆఖరుకి ఖాళీ చేయాలట. మా అన్నయ్య వచ్చి తనతో తీసుకెళ్తానంటున్నాడు. మా ఇంట్లో హాయిగా కూర్చుని తిను అంటాడు. కూర్చుని తినడం నాకు చేతకాదని పాపం ఆయనకి తెలియదు. నేనింకా అవుననీ కాదనీ చెప్పలేదు. నువ్వేమంటావు?

వదిన


మే 24

వదినా,

నీ వాక్యాలన్నీ కార్డులకెక్కాయి. పెద్దాయన చదివి, ‘ఇవి మనుషులు అన్నవే’ అన్నాడు. ఆయన నోటివెంట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు రాదు.

లిఫ్టు వాక్యం కూడా ఎక్కించాను. ఎవరన్నారు అనేచోట ‘వదిన’ అని రాసి, ఎప్పుడు అనేచోట ఖాళీ వదిలేశాను. అన్నయ్య నిద్రలోనే పోయాడని కదా నాకు ఫోనులో చెప్పింది. నేనొచ్చేసరికి అంతా అయిపోయింది. తరవాత నేనెవరినీ అడగలేదు. ఈ లిఫ్టూ మెట్లూ నాకు తెలియవు. నువ్వు పైకి చేరేసరికి అన్నయ్య ఉన్నాడా? చెప్పాలనిపించకపోతే చెప్పకు.

మాట పుట్టుపూర్వోత్తరాలు కూడా రాయాలి, అందుకని పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. టేక్ అసలు ఇంగ్లీషువాళ్ళ సొంత మాటే కాదు. ఎప్పుడో వెయ్యేళ్ళకి ముందు పడవల్లో సముద్రం దాటి వాళ్ళ దేశానికి ఉత్తరపు దేశాలవాళ్ళు వచ్చారు చూడు, వాళ్ళతో వచ్చి అక్కడే కాపురం పెట్టింది. ఇంకా వెనక్కి వెళితే దాని చుట్టాల్లో ఒక మాటకి తాకడం అని అర్థం. మన తాకడానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదులే, పోలిక బాగుందని నోరు జారి పెద్దాయన చేత తిట్లు తిన్నాను.

ఈ మాట రాకముందు తీసుకోవడాన్ని వాళ్ళు ‘నిమన్’ అనేవాళ్ళు. కొత్తది వచ్చాక అది మెల్లగా మూలపడి, చివరికి పోయింది. దాని పిల్లలు మాత్రం ఒకటి రెండు మిగిలాయి. అందులో ఒకటి ‘నమ్’. మొద్దుబారింది, స్పర్శ పోయింది అని ఇవాళ్టి అర్థం. అసలు అర్థం, తీసేసుకున్నది అని. ఒంట్లోంచి తెలివిడిని ఎవరో తీసేసుకున్నారని కాబోలు.

అది చదివి పుస్తకం మూసి కూర్చున్నాను. నాకూ అలాగే ఉంది వదినా. ఏడుపు రావడం లేదు. రాకపోతే ఏమిటనే బెంగ కూడా లేదు.

మీ అన్నయ్యగారి సంగతి రాశావు. ఆయన మంచివారు. తోడబుట్టినవాళ్ళ దగ్గర ఉంటే నీకూ ధైర్యం. నేనేమంటాను, నేనెవరిని అనడానికి? నీకెలా బాగుంటే అలా చెయ్యి. నా వెనక గది నిండా పాత పత్రికలుండేవి గుర్తుందా, మొన్న ఆదివారం అవన్నీ అటకెక్కించాను. ఊరికే, ఏమీ తోచక.

నీ ఆడపడుచు


జూన్ 2

అమ్మాయ్,

లేడు. నేను పైకి చేరేసరికి లేడు.

నిద్రలో పోయాడని నీకు చెప్పమన్నది నేనే. ఒక్కదానివీ రైల్లో వస్తున్నావు, దారిపొడుగునా ఆ మాటే పట్టుకుని కూర్చుంటావని. తరవాత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అడగకపోవడంతో నీకు తెలుసుకోవాలని లేదేమో అనుకున్నాను. ఒక్కోసారి నీ మీద కోపం కూడా వచ్చింది. ఇప్పుడది కూడా లేదు.

లిఫ్టులో చోటు లేదు. స్ట్రెచరు, ఇద్దరు మనుషులు, ఆక్సిజను బండి. నేను రోజూ దుప్పట్ల బండి తోసుకెళ్ళే లిఫ్టే అది. ఎంత పడుతుందో నాకు తెలుసు, అందుకే మారుమాట్లాడకుండా మెట్లెక్కాను. నువ్వు కార్డులో ఖాళీ వదిలిన చోట ఇది రాసుకో, రాయాలనిపిస్తే.

నీ టేక్ కథ మడతలమ్మకి చెప్పాను. పరాయింటి నుంచి వచ్చిన కోడలు తాళంచెవులు లాక్కుని అత్తగారిని మూల కూర్చోబెట్టిందన్నమాట, ఏ దేశమైనా ఇంతేనే అంది. నవ్వాం. నవ్వినట్టు నాకు తెలియలేదు, పక్కావిడ అమ్మయ్య నవ్వావు అంటే తెలిసింది. తీసేసుకున్నది అని రాశావే, అదే నా పరిస్థితి. పొద్దున వేణ్ణీళ్ళు చెయ్యిమీద పడ్డాయి. చూసి పక్కకి జరిగాను, అంతే. బొబ్బ లేచింది, తగ్గిపోతుంది.

నేనెవరిని అనడానికి అని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు కూడా వెళ్ళమనే అన్నావు కాబట్టి మా అన్నయ్యని రమ్మని రాశాను.

వదిన


జూన్ 9

వదినా,

చేతికి మందు రాస్తున్నావా? రాయకపోతే మడతలమ్మకి చెప్పి రాయించుకో.

మెట్ల సంగతి చదివాను. కార్డులో రాయలేదు. ఖాళీగానే ఉండనీ.

మీ అన్నయ్యగారిని రమ్మన్నావని తెలిసింది. అలాగే. మంచిది.

ఇక్కడొక ఇబ్బంది వచ్చిపడింది. టేక్‌కి ఉన్న అర్థాల్లో కొన్నిటికి విన్న వాక్యం దొరకడం లేదు. అచ్చుకి వేళయింది. ఈ ఒక్కసారికీ నువ్వే తయారుచెయ్యి అని పెద్దాయన మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. నేను అల్లినవి కింద రాస్తున్నాను. చదివి, బతికున్న మనుషులు అనేలా ఉన్నాయో లేదో చెప్పు. లేనివి కొట్టెయ్.

పోలిక రావడం అనే అర్థానికి: ‘నడకలో వాడు అచ్చం తండ్రే.’

విశ్రాంతి అనే అర్థానికి: ‘కాసేపు నడుం వాల్చు.’

అపార్థం చేసుకోవడం అనే అర్థానికి: ‘నా మాటని తప్పుగా పట్టుకోకు.’

చేరదీయడం అనే అర్థానికి: ‘దిక్కుతోచని స్థితిలో ఉన్న ఆ స్త్రీకి ఆమె బంధువు తన గృహమునందు సంతోషముగా ఆశ్రయమిచ్చుటకు సిద్ధముగా ఉన్నది.’

ఆఖరిదాన్ని కాస్త శ్రద్ధగా చూడు. దానికోసం ఒక పూటంతా కూర్చున్నాను. నీ జవాబు వచ్చేదాకా దాన్ని పెద్దాయనకి చూపించను.

నీ ఆడపడుచు


జూన్ 15

నిఘంటువమ్మగారికి,

మొదటి మూడూ ఫరవాలేదు. రెండోది మీ అన్నయ్య అంటుండేవాడు, విన్నదే రాసి అల్లానంటావేం?

ఆఖరిది కొట్టేశాను. అడ్డంగా, గట్టిగా. ఎవరే ఆ గృహమునందావిడ? బట్టల గదిలో పైకి చదివితే అందరూ పనాపేసి చూశారు. ఇలా ఎవరూ అనరు. ఒకరిని ఇంట్లో పెట్టుకోవాలని నిజంగా ఉన్నవాళ్ళు, కిటికీ పక్కన మంచం వేశాను వచ్చెయ్ అంటారు. స్థితి, ఆశ్రయము, సిద్ధము అంటూ చుట్టూ తిరిగారంటే పెట్టుకోవాలని లేనట్టే. ఈ ఆశ్రయం నాకిచ్చినా నేను పోను. తీసిపారెయ్ దాన్ని.

ఇక్కడ సామాను సర్దడం మొదలుపెట్టాను. స్టీలు బీరువా అమ్మేశాను. అది పోతే గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. పని మానేస్తున్నానని మడతలమ్మకి చెప్పాను. ఆమె ఒక దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

చెయ్యి మానింది.

వదిన


జూన్ 20

గౌరవనీయులైన వదినగారికి,

మీ దిద్దుబాట్లు అందాయి. ఆఖరి వాక్యాన్ని మీరెందుకు కొట్టేశారో అర్థమైంది. మీరు చెప్పినట్టే తీసేశాను. ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞురాలిని.

ఇకమీద ఈ పని గురించి మిమ్మల్ని ఇబ్బందిపెట్టను. మీ ప్రయాణం సుఖంగా జరగాలని కోరుకుంటున్నాను. మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పగలరు.

ఇట్లు


జూన్ 24

ఏమిటే ఇది?

మీరేమిటి, గారేమిటి, కృతజ్ఞురాలేమిటి? నేను కాపురానికి వచ్చిన మర్నాడు నువ్వు గుమ్మంలో నిలబడి, ‘వదినా, నా జడ వేస్తావా’ అన్నావు నన్ను. అప్పట్నుంచీ నువ్వనే అంటున్నావు. మీ అన్నయ్య పోయి రెండు నెలలైనా నిండకుండా నాకు గారు తగిలించావు. కింద సంతకంలో నువ్వు నాకేమవుతావో కూడా రాయలేదు. ఆయనతోపాటే మన వరసా తెగిపోయిందని చెప్పదలుచుకుంటే ఆ ముక్కే రాయి, ఇట్లు అని ఊరుకోకు.

వాక్యం బాగాలేదంటే ఇంత కోపమా? కొట్టెయ్యమన్నది నువ్వే కదా. నీకేం అర్థమైందో నాకు అర్థం కాలేదు.

ఆయన చొక్కాలు నిన్న సర్దాను. చూస్తే అన్నిటికీ ఆసుపత్రి మడతే పడింది, మూలకి మూల కలిపి, దుప్పట్లకి పెట్టినట్టు. విప్పి మామూలుగా పెడదామనుకున్నాను. చొక్కా ఎలా మడతపెడతారో చప్పున గుర్తురాలేదు. అలాగే పెట్టేశాను.

ఆదివారం మా అన్నయ్య వస్తాడు, ఆ రోజే బయల్దేరతాం. వెనక ఆయన అడ్రసు రాశాను. రాయాలనిపిస్తే అక్కడికి రాయి. చాలా బాధగా ఉంది నాకు. ఇన్నాళ్ళకి తెలిసేలా బాధపెట్టింది నువ్వే.

వదిన


జూలై 1

వదినా,

ఆ స్త్రీ నువ్వే. ఆ బంధువుని నేను.

నువ్వేమంటావు అని అడిగావు చూడు, ఆ ఉత్తరం వచ్చిన రోజునే నా దగ్గరికి వచ్చెయ్ వదినా అని రాయాలనుకున్నాను. చెయ్యి రాలేదు. అన్నయ్య ఉంటే అది చెల్లెలి ఇల్లు, దర్జాగా వచ్చేదానివి. ఇప్పుడు ఏ అధికారంతో పిలవను? మీవాళ్ళు ఏమంటారు? నువ్వు కాదంటే తట్టుకోగలనా? అందుకని వాక్యాలకింద దాక్కున్నాను. అందులో ఉన్నది నువ్వని గుర్తుపడతావు, నచ్చితే ఉంచుతావు, లేకపోతే కొట్టేస్తావు, మొహాలు చూసుకోకుండా గడిచిపోతుంది అనుకున్నాను. నువ్వు అడ్డంగా, గట్టిగా కొట్టేశావు. ఈ ఆశ్రయం నాకిచ్చినా పోను అని కూడా రాశావు. అదే నీ జవాబు అనుకున్నాను. ఇంతా చేసి నువ్వు భాష దిద్దావన్నమాట.

చదువుకున్నదాన్నని పేరే గానీ ఇంత తెలివితక్కువదాన్ని ఎక్కడా చూసి ఉండవు.

ఇప్పుడు చుట్టూ తిరగకుండా చెప్తున్నాను. వెనక గది ఖాళీ చేశాను. దానికి కిటికీ లేదు, వెంటిలేటరు ఉంది, అందులోంచి మెకానిక్ షెడ్డు చప్పుడు వస్తుంది, సాయంత్రం దాకా కొడుతూనే ఉంటారు. మంచం కొన్నాను. పరుపు ఇంకా రాలేదు. మా వీధి చివర ఆసుపత్రి ఉంది, వాళ్ళకీ బట్టల గది ఉందట, వెళ్ళి అడిగొచ్చాను, మనిషి కావాలన్నారు. అద్దె సగం నువ్వివ్వాలి, వంట చెరో పూట.

నాకు నువ్వు కావాలి వదినా. అన్నయ్య గురించి మాట్లాడుకోవడానికి ఈ ఊళ్ళో నాకెవరూ లేరు. మీ అన్నయ్యగారింట్లో నీకూ ఎవరూ ఉండరనుకుంటాను. వాళ్ళకి ఆయన బావగారు, నీకూ నాకూ అలా కాదు. వచ్చెయ్.

టేక్ అచ్చుకి వెళ్ళిపోయింది. చేరదీయడం అనే అర్థం కింద ఉదాహరణ లేకుండానే వెళ్ళింది.

నీ ఆడపడుచు


జూలై 9

అమ్మాయ్,

నీ ఉత్తరం మా వదిన వంటింట్లో నిలబడి చదివాను. చదివి ఏడ్చాను. ఆసుపత్రిలో ఏడవలేదు, క్వార్టరు తాళం ఇచ్చేటప్పుడు ఏడవలేదు. ఇక్కడ, పప్పు ఉడుకుతుంటే, గోడకానుకుని కూర్చుని ఏడ్చాను. మా వదిన కంగారుపడి పొయ్యి కట్టేసింది. ఎవరు పోయారు అని అడిగింది. మా ఆయన పోయాడు అన్నాను. అందరికీ తెలిసిన సంగతే, నాకప్పుడే తెలిసినట్టయింది.

ఇక్కడ బాగానే చూస్తున్నారు, అబద్ధం ఆడకూడదు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వరు. ఆయన పేరెత్తితే మాత్రం అందరూ లేచి తలోవైపు పోతారు. నా మనసు నొప్పించకూడదని.

రాత్రి భోజనాలయ్యాక మా అన్నయ్యకి చెప్పాను, నీ దగ్గరికి వెళ్తానని. ఆయనకి కోపం రాలేదు, అయోమయంగా చూశాడు. సొంత అన్నని నేనుండగా ఎవరో ఇంటికి పోవడమేమిటన్నాడు. ఎవరో కాదన్నాను.

‘బావగారే లేరు. ఇంక ఆ అమ్మాయి నీకేమవుతుంది?’ అన్నాడు.

‘ఆడపడుచు’ అన్నాను.

‘అది ఆయన వల్ల వచ్చిన వరస కదమ్మా. ఆయనతోనే పోయింది.’

‘ఆయన వల్లే వచ్చింది. పోతూ పోతూ ఆయన ఏమీ తీసుకెళ్ళలేదు అన్నయ్యా, చెప్పులు కూడా’ అన్నాను.

ఆయన లేచి పడుకోడానికి వెళ్ళాడు. పొద్దున తనే వెళ్ళి టికెట్టు తెచ్చాడు.

శనివారం పొద్దున దిగుతాను. పెట్టెలు రెండు, బరువుగా ఉన్నాయి, స్టేషనుకి రా. పరుపు రాకపోతే కింద పడుకుంటాను.

నీ వదిన